ఆరో తోక

"చూపించండత్తయ్యా. తప్పు నాదే అయితే నాదేనని చెప్పెయ్యండి," అంది కోడలు.

అత్తగారు ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒంట్లోని ప్రోటీన్లు ఏ ఆకారంలో ఉంటాయో కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. మొహమాటం ఎరగని మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైందంటే, ఎంత ఎక్కువైందో కొలిచి చెప్పమంటారు. అచ్చయిపోయిన తన పరిశోధనలో తప్పు దొరికితే, ఎవరూ అడక్కుండానే వెనక్కి తీసుకున్నారు. ఓదార్చడానికి వచ్చిన వాళ్ళెవరి మాటా నమ్మని కోడలు, ఈవిడ మాట కోసమే కాచుకుని ఉంది.

పాప పోయి ఏడాదైంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్. ఆ మధ్యాహ్నం పాప ఎన్నడూ లేనంత మొద్దునిద్ర పోతోంటే, హమ్మయ్య అనుకుని తల్లి కూడా పక్కనే నడుం వాల్చింది. తను లేచింది, పాప లేవలేదు. పడుకోబోయే ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూసిందో లేదో ఆమెకి ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు. అప్పట్నుంచి తిండి కూడా ఎవరో పనిపెట్టినట్టు తింటోంది.

ఆసుపత్రిలో తీసిన పాప రక్తంలోని జన్యువును చదివి, దాన్నిబట్టి అత్తగారు పాప ఒంట్లోని ఓ ప్రోటీన్ బొమ్మని తయారుచేశారు. తెర మీద అది రంగురంగుల రిబ్బన్ల చిక్కులా తిరుగుతోంది.

"ఉన్ని ఉండ పిల్లి పాలబడ్డట్టుంది," అంది కోడలు నీరసంగా.

"మాకు డబ్బులిచ్చే వాళ్ళ దగ్గర ఆ మాట అనకు. ఇదిగో, ఈ గుంట చూడు. జేబనుకో. సూక్ష్మజీవి ఒంటి మీద ఓ రకం కొవ్వు ఉంటుంది. దానికి ఆరు తోకలు. ఐదు ఈ జేబులో దూరతాయి. ఆరోది పట్టక బయట మిగులుతుంది. ఆ మిగిలిందే ఇలాంటి ఇంకో ప్రోటీన్‌ని పక్కకి లాక్కుంటుంది. రెండూ జత కడితేనే ఒంట్లో గంట మోగేది, జ్వరం వచ్చేది."

"మరి పాపకి?"

అత్తగారు బొమ్మను పెద్దది చేశారు. జేబు మూతి దగ్గర ఎర్రటి గడ్డ ఒకటి అడ్డంగా ఉంది.

"పుట్టుకతోనే ఇరుకు. తోకలు దూరే దారే లేదు. గంట మోగలేదు."

"అంటే, ఒళ్ళు వేడెక్కలేదా?"

"ఎలా వేడెక్కుతుంది?"

"నేను చెయ్యి వేసి చూసినా?"

"చల్లగానే తగిలేది. నువ్వనే కాదు, నేనున్నా నిద్రపోతోందనే అనుకునేదాన్ని."

కోడలు ఆ ఎర్రగడ్డను చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. అత్తగారు వద్దనలేదు. బల్ల మీది కాగితాల పెట్టెను ముందుకు జరిపారు.

"మైక్రోస్కోప్ తుడిచేవి. ఖరీదెక్కువ, పొదుపుగా ఏడువు."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఆకలేస్తోందత్తయ్యా," అంది.

"కింద క్యాంటీన్లో ఉన్నది తిండేననడానికి ఆధారాల్లేవు. అయినా నడువు. ఇది కట్టేసి వస్తాను."

కోడలి అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయాక, నిన్నంతా కూర్చుని తనే గీసిపెట్టిన ఆ ఎర్రగడ్డను అత్తగారు చెరిపేస్తే, ఏ లోపమూ లేని పాప అసలు జేబు, ఐదు తోకలూ చక్కగా లోపల ఒదిగి, ఆరోది బయట మిగిలి, ఉన్నదున్నట్టు కనిపించింది.