మొదటి గుక్క

తండ్రికి ముక్కు ఉన్నది కళ్ళజోడు నిలబెట్టుకోవడానికేనని ఒటీలియా తేల్చేసింది.

“ఈ అసోర్దలో కొత్తిమీర ఏది నాన్నా?” అంది, గిన్నెలోని వెల్లుల్లి చారులో నానిన రొట్టెముక్కల్ని చెంచాతో పక్కకి నెడుతూ.

“పచ్చగా తేలుతోంది, కనపడ్డం లేదూ?” అన్నాడు జెర్వాసియో.

“కనపడుతోంది. వాసనేదీ? కొనేటప్పుడు ఒకసారి వాసన చూడాలని తెలీదా?”

“మీ అమ్మ పోయాక నా వంటకి వంకలు పెట్టేవాళ్ళు లేరనుకున్నా. నువ్వు తయారయ్యావు.” ఆయన గిన్నె ఊడ్చుకుని తినేశాడు.

ద్రాక్షకోతల్లో పట్టిన జలుబు తండ్రీకూతుళ్ళిద్దర్నీ మంచాన పడేసింది. ఇద్దరూ లేచారు గాని, ముసలాయన ముక్కు మాత్రం ఆ జలుబుతోటే పోయిందని ఒటీలియా అనుమానం. ఇంకెవరి ముక్కో అయితే పోతే పోయిందని ఊరుకోవచ్చు. ఈయన చేసేది వైన్.

ఆ పొద్దున ఆయన చర్చికి వెళ్ళగానే ఆమె దొంగలా నేలమాళిగలోకి దిగింది. మనిషెత్తు మట్టిబాన అడుగున ఉన్న చెక్క కొళాయి తిప్పి ఒక గుక్క తాగింది. పులుపు. వెనకాల కాస్త వగరు. ఇంకేమీ లేదు. వైన్ పాడైంది.

ఆ రోజు సావ్ మార్తిన్యు పండుగ. కొత్త వైన్ బయటికి తీసే రోజు. వాళ్ళ ఇంట్లో ఒక అలవాటుంది. మొదటి గుక్క, వైన్ చేసినవాడు తాగకూడదు. ఇంట్లో ఇంకొకరు నలుగురి ముందూ తాగి, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ తర్వాతే మిగతా గ్లాసులు లేవాలి. ఇన్నేళ్ళూ తల్లి చెప్పింది. ఈ ఏడు ఒటీలియా వంతు.

“నువ్వు బాలేదంటే నేను మళ్ళీ ద్రాక్ష తొక్కను,” అన్నాడు జెర్వాసియో చర్చి నుంచి వచ్చి టోపీ దులుపుకుంటూ. “బానల్లో నీ పూలమొక్కలు పెట్టుకుందువుగాని. అలాగని నా మొహం చూసి అబద్ధం చెప్పావో, ఊరుకోను. మీ అమ్మ ఒక్కసారి కూడా చెప్పలేదు.”

కొండమీదున్న తమ ఊరు మొన్సారాజ్‌ని, వచ్చినవాళ్ళకి తిప్పి చూపించడం ఒటీలియా ఉద్యోగం. కోట ద్వారం దగ్గర మొదలయ్యే నడక తండ్రి నేలమాళిగలో వైన్‌తో ముగుస్తుంది. ఎప్పుడెప్పుడు ముగుస్తుందా అని రోజూ చూసే మనిషి, ఆ రోజు ఎలా ముగియకుండా ఉంటుందా అని చూసింది. అందర్నీ బురుజు ఎక్కించింది. కింద జలాశయంలోని దీవుల్ని ఒక్కొక్కటిగా చూపించింది. చర్చిలో సమాధి చేసినవాళ్ళందరి గురించీ చెప్పింది.

“అమ్మాయ్, ఈ సున్నపు గోడ ఇందాక చూశాంగా?” అంది పోర్తో నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు దోన యుఫేమియా.

“అది అటువైపండీ. ఇది ఇటువైపు.”

“గోడలకి రెండువైపులుంటాయని నేను నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పాను తల్లీ. వైన్ ఎక్కడ?”

అందరూ నవ్వారు. ఎవోరాలో హోటల్ నడిపే క్వింతెలా ఒటీలియా పక్కకి వచ్చాడు. “మీ నాన్నగారి వైన్ గురించే ఇంతదూరం వచ్చా. పోయినేడు తాగినవాళ్ళు ఇంకా అడుగుతున్నారు. నచ్చితే బాన మొత్తం నాదే.”

ఒటీలియా నవ్వబోయింది. కుదర్లేదు. వీధులైపోయాయి, బురుజులైపోయాయి. ఊరు ఇంత చిన్నదిగా కట్టినవాళ్ళ మీద మొదటిసారి కోపమొచ్చింది.

నేలమాళిగ మధ్యలో కుంపటి మీద చెస్ట్‌నట్‌లు చిటపటలాడుతున్నాయి. జెర్వాసియో పెళ్ళినాటి కోటు వేసుకుని నిలబడ్డాడు. గ్లాసులన్నీ నింపి, మొదటిది కూతురికిచ్చాడు.

తాగింది. పొద్దుటి పులుపే. పొద్దుటి వగరే.

“చెప్పు తల్లీ,” అన్నాడాయన.

చెబితే నాన్న పని పోతుంది. చెప్పకపోతే పేరు పోతుంది.

“బాలేదు నాన్నా. పాడైంది.” అతిథుల వైపు తిరిగింది. “ఏమనుకోకండి. జలుబు చేసినప్పటినుంచీ మా నాన్నకి వాసన తెలియడం లేదు. పాపం, ఆ సంగతి ఆయనకే తెలీదు.”

క్వింతెలా గ్లాసుని ముక్కు దాకా తీసుకెళ్ళి, ఆగి, ఆమెకేసి వింతగా చూశాడు. జాలిపడుతున్నాడనుకుంది. దోన యుఫేమియా ఏదో అనబోయి, పెద్దాయన మొహం చూసి మానేసింది.

జెర్వాసియో వాదించలేదు. టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “అలాగే. మాటంటే మాటే,” అని, వంగి చెక్క కొళాయి గట్టిగా బిగించాడు. మళ్ళీ నడుం ఎత్తడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

అది చూడలేక ఒటీలియా కుంపటికి వీపు పెట్టి గోడవైపు తిరిగింది. ఏం చేసినా జరిగేది ఇదేనని పొద్దుటినుంచీ తెలుసు. తెలిసి చేయగలిగింది ఏముంది?

“ఏదో కాలుతోంది,” అన్నాడు తండ్రి.

“చెస్ట్‌నట్‌లు నాన్నా,” అంది నీరసంగా. “కాలడానికేగా పెట్టాం.”

“చెస్ట్‌నట్‌ల వాసన కాదే ఇది!”

“ఊలు! అబ్బ, ఊలు కంపు!” దోన యుఫేమియా కర్చీఫ్‌తో ముక్కు మూసుకుంది.

ముసలాయన బాన పక్కనుంచి ఒక్క అంగలో వచ్చి, కూతురి భుజాలమీది శాలువా లాగి కిందపడేసి తొక్కాడు. కుంపట్లో పడ్డ అంచు జానెడు మాడిపోయింది. అతిథులు దగ్గుతూ తలుపు తీశారు.

ఒటీలియా వంగి శాలువా తీసి ముక్కుకి ఆనించుకుంది. తర్వాత గ్లాసుని.

“తప్పు నాది నాన్నా, పోయింది నా ముక్కు.”