కొరియర్‌గాడు

దుప్పటి రెండో కొస పట్టుకోమని కొత్తవాడు చేయి చాచాడు.

లాండ్రీలో అందరూ వదినా అని పిలిచే ఆవిడ పట్టినట్టే పట్టి వదిలేసింది. ఉతికిన దుప్పటి తడి నేల మీద పడింది.

"అయ్యో, జారిపోయింది!" అంది, మేస్త్రికి కన్నుకొడుతూ.

లాండ్రీ అంతా పగలబడి నవ్వింది.

హోటల్ దుప్పట్లు మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. వాడితో జతకట్టే దిక్కు లేదు. ఒక అంచు గడ్డం కింద అదిమి, చేతులు బార్లా చాచి, ఒక్కడే తంటాలు పడేవాడు.

వాడికి మేస్త్రి పెట్టిన పేరు కొరియర్‌గాడు. ఇక్కడి మాటలు అక్కడికి మోస్తాడని.

మరి కాదా? చేరింది మొదలు, రోజూ పని కాగానే ఓనరు అద్దాల గదిలో దూరతాడు. మిషన్ల మోతలో ఒక్క ముక్క వినబడి చావదు. వాడు చేతులు కట్టుకుని ఏదో చెప్పడం, ఓనరు వేలెత్తి వీళ్లందరినీ చూపించడం, వాడు తలూపడం. ఇంకేం కావాలి?

"మన జీతాలు పెరగకపోవడానికి ఈ శనిగాడే కారణం. నేను అడిగేలోపే వెళ్లి ఊదేస్తున్నాడు," అనేవాడు మేస్త్రి.

అబ్బో, అడిగే మొనగాడు! రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు, టీ కొట్టు దగ్గర. అద్దాల గది తలుపు దాకా వెళ్లి, "ఇవాళ ఆయన మూడ్ బాలేదు" అంటూ తిరిగొచ్చేవాడు.

ఇక తప్పేలా లేదు. "ఈ నెలా పెరగకపోతే పిల్లదాన్ని బడి మాన్పించేస్తా," అని పెళ్లాం తెగేసి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే కొరియర్‌గాడు ఓనరు గదిలోంచి బయటికొచ్చి, తన టిఫిన్ డబ్బా తీసుకుని మేస్త్రి దగ్గర ఆగాడు.

"వెళ్లొస్తానన్నా."

"ఎవడ్రా నీకు అన్న? పో! మళ్లీ ముఖం చూపించకు."

వాడు డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది," అని వదిన చేతులు దులుపుకుంది. "ఇప్పుడు వెళ్లు మేస్త్రీ. చాడీలు చెప్పేవాడు లేడుగా!"

మేస్త్రి చొక్కా సర్దుకుని లోపలికెళ్లాడు.

"సార్... అదే... మా జీతాల సంగతి..."

"పెంచాను. అందరికీ. ఈ నెల నుంచే," అన్నాడు ఓనరు తలెత్తకుండా.

మేస్త్రి ఛాతీ ఉబ్బింది. "నాకు తెలుసు సార్! నా మాటంటే మీకు..."

"నీ మాటా? నువ్వెప్పుడు నోరు విప్పావయ్యా? ఆ కొత్తవాడే, రోజూ వచ్చి ఒకటే నస. పిల్లలున్నవాళ్లు సార్, పెంచండి సార్ అని. మీరంతా ఒళ్లు వంచరయ్యా, ఎందుకు పెంచాలి అంటే వినడే! చివరికి విసుగొచ్చి, సరే, ఒక మనిషిని తీసేస్తే ఆ జీతం మిగతావాళ్లకి పంచుతా, ఎవర్ని తీసెయ్యాలో నువ్వే చెప్పు అన్నాను."

నా పేరే చెప్పుంటాడు దొంగవెధవ, అనుకున్నాడు మేస్త్రి.

"ఎవరి పేరు చెప్పాడు సార్?"

"ఎవరిదేంటి, తన పేరే చెప్పి ఇందాకే వెళ్లిపోయాడుగా."