తెర మీద ఏరు

అక్షరాలు ముసలితనంలో దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు మూడు రోజులు పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదువుకోండి.

"మళ్లీ మసకేసీసింది సూడమ్మా," అంది పుష్పవతి, తెర వైపు చెయ్యి చూపిస్తూ.

నర్సీపట్నంలో మందుల షాపు మీది అంతస్తులో చిన్న గది అది. పుష్పవతి తల మీద అక్కడక్కడా జిగురు పూసి సన్నటి తీగలు అంటించారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఒక ఏరు పారుతోంది. మనసు నెమ్మదిగా ఉంటే ఆ ఏరు వెలుగుతుంది. ఆలోచనలు పరిగెడితే బొమ్మ మసకబారుతుంది. కరెంటు పెట్టరు, సూది వెయ్యరు. మనసు ఎప్పుడు కుదురుగా ఉందో మనకే చూపించి, ఆ కుదురు అలవాటు చేయిస్తారు. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు దాన్ని.

"ఇప్పుడు ఏం తలుచుకున్నారు?" అని అడిగింది శ్రీనిధి. ఆ గదిని నడిపే అమ్మాయి.

"ఇంకేటుంది. ఆ మనిషినే."

ఆ మనిషి అంటే భర్త. జీడిపిక్కలు కొనడానికని వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగేవాడు. నిరుడు గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయ్యాక పెట్టె సర్దుతుంటే చొక్కాల అడుగున ఆసుపత్రి కాగితాలు దొరికాయి. కొడుకు మౌళి చదివి చెప్పాడు. గుండె జబ్బని రెండేళ్ల కిందటే తేలిందట. పెళ్లాంతో మాత్రం గ్యాస్ అన్నాడు. ఆ రోజు నుంచి పుష్పవతికి నిద్ర లేదు. ఉన్నట్టుండి చేతులు వణుకుతాయి. డాక్టరు మందులు రాసి, ఇక్కడికి కూడా వెళ్లమన్నాడు.

"రెండేళ్లు వాము నీళ్లు కాసి ఇచ్చానమ్మా. నన్ను ఎర్రిదాన్ని సేసి, ఆ నీళ్లు తాగి, ఇప్పుడు బాగుందే అనీవోడు."

"నయమే అక్కా. మా ఆయనైతే కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసీవోడు," అంది సత్యవేణి.

ఆమె పక్క కుర్చీలో, తన తీగలతో, తన తెర ముందు కూర్చుంది. ఊరు పాయకరావుపేట. ఆమెకూ భర్త పోయాడు. ఇద్దరికీ పరిచయం ఈ గదిలోనే. మూడు నెలలుగా మంగళవారం, శుక్రవారం పక్కపక్కన కూర్చుంటున్నారు. బస్సుకి టైముంటే ఒకే కేరేజీలో తింటారు.

"కంచం తోస్తే తోసాడు. నీకు అన్నీ సెప్పీవోడు కదా," అంది పుష్పవతి.

"సెప్పీవోడు. ఒంట్లో నలతగా ఉంటే ముందు నాకే. ఆసుపత్రికీ నానే ఎంట ఎళ్లీదాన్ని. ఏటి లాభం? నా దగ్గర లేనప్పుడు పోయాడు. ఆఖరి సూపు దక్కలేదు."

"నాకు దక్కింది. దాన్నేటి సేసుకోను? ముప్పై ఏళ్లు కాపురం సేసినదాన్ని నమ్మలేదు. ఆసుపత్రికి ఒక్కడే ఎళ్లుంటాడా? తోడు ఎవడో ఉండే ఉంటాడు. ఆడికి తెలుసు, నాకు తెలీదు. అదే కాల్తాది."

"గురువారం సంవత్సరీకం అన్నావు. వంట సేస్తావా?"

"సెయ్యను. ఆ పూటకి మా అన్న ఇంటికి పోతానని మౌళికి సెప్పీసాను."

"తప్పక్కా. నువ్వు ఏడుస్తావనే దాసుంటాడు. మొగోళ్లకి సెప్పడం రాదు, అంతే."

"నీ మొగుడికి వచ్చింది కదా."

పుష్పవతి తెర ఇంకా మసకబారింది.

శ్రీనిధి రెండు ఫారాలు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"మీ ఇద్దరివీ మొదటి రోజు నుంచీ ఒక గడి ఖాళీగా ఉందండీ. భర్త పేరు."

"పెనిమిటి పేరు నోటంట అంటామా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పోనీ రాయండి."

"రాత వస్తే కదా," అంది సత్యవేణి.

"వస్తే మాత్రం?" అంది పుష్పవతి.

శ్రీనిధి నవ్వి కుర్చీ దగ్గరకి లాక్కుంది. "ఫారం సంగతి వదిలేయండి. మూడు నెలలుగా ఆ మనిషి, మా ఆయన, ఇవే వింటున్నాను. పుష్పవతి గారూ, ఆయన్ని తలుచుకుంటే చాలు మీ ఏరు మసకేస్తోంది. ఇవాళ పేరు పైకి అని చూడండి. అన్నాక కూడా వెలుగు నిలబడితే, గురువారం ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది. తర్వాత సత్యవేణి గారు."

"కళ్లు పోతాయేమోనే," అంది పుష్పవతి.

"పోతే ఇంకో రెండు తీగలు పెట్టి తెప్పిస్తాదిలే. బేగి అను, నా బస్సు ఎళ్లిపోద్ది," అంది సత్యవేణి.

పుష్పవతి కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"సుర్ల జగదీశ్వరరావు."

కళ్లు తెరిచేసరికి ఏరు మసకగా ఉంది.

"పర్వాలేదు. ఊపిరి మెల్లగా వదలండి. మళ్లీ అనండి."

"సుర్ల జగదీశ్వరరావు. మాది నాతవరం. జీడిపిక్కల జగదీశ్వరరావంటే అందరికీ తెలుసు."

ఏరు కొంచెం తేటపడింది. మూడోసారి తడుముకోకుండా అంది. ఏరు తళతళమంటూ వెలిగి అలాగే నిలబడింది. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. అవీ నిలకడగానే ఉన్నాయి.

"వంట సేస్తానమ్మా," అంది పుష్పవతి కళ్లు తుడుచుకుంటూ. "దాసాడు, తప్పే. ఇంక మోయలేను. వదిలీసాను."

శ్రీనిధి ఆమె భుజం తట్టి పక్క కుర్చీ వైపు తిరిగింది. అక్కడ తెర పూర్తిగా నల్లబడి ఉంది. తీగ ఊడిందేమోనని తడిమి చూసింది. ఊడలేదు.

"సత్యవేణి గారూ, ఇప్పుడు మీరు. మీ ఆయన పేరు చెప్పండి."

సత్యవేణి ఖాళీ గడి ఉన్న తన ఫారాన్ని పుష్పవతి ఫారం పక్కకి జరిపింది.

"అక్క సెప్పీసిందమ్మా."

ఇది రాసినది: దేవుడమ్మ, అరవై మూడేళ్లు, ప్రస్తుతం ఉంటున్నది మాకవరపాలెం.