డయల్ మీద బొట్టు

అశోక్‌నగర్ల విఠల్ సార్ ఇంట్ల స్విమ్మింగ్ పూల్‌ను నేనే చూసుకుంట. నీళ్లల్ల క్లోరిన్ వదిలే మిషిన్‌కు ఒక డయల్ ఉంటది. నేను రెండు మీద పెట్టి వస్త, సార్ నాలుగుకు తిప్పుతడు. "ఎక్కువుంటే నీళ్లు ఇంకా సాఫుంటయ్" అంటడు. ఏడాది సంది ఇదే పరేషాన్.

మొన్న దసరా అయినంక పోతే డయల్ రెండు మీదనే ఉంది. సరిగ్గ ఆ అంకె మీద పెద్ద కుంకుమ బొట్టు!

"ఆయుధపూజ నాడు మా ఇంటామె అరుంధతి పెట్టింది," అన్నడు సార్ మొహం చిన్నగ చేసుకొని. "బొట్టు పెట్టినదాన్ని ఎట్ల తిప్పుత?"

నీళ్లు పరీక్ష చేసిన. క్లోరిన్ సమంగ ఉంది.

చాయ్ తెచ్చిన అరుంధతమ్మను అడిగిన: "రెండే కరెక్టని మీకెట్ల తెల్సమ్మా?"

"అంతకంటే ఎక్కువైతే కండ్లు మండుతయ్ గదన్నా."

సార్ పకపక నవ్విండు. "నాలుగు మీద పెట్టినా నాకే మండలే. నీళ్లంటే భయపడేదానివి, నీకెట్ల మండినయే?"

"మీరు ఆఫీసుకు పోయినంక నేను రోజూ ఈదుతున్న," అన్నది అమ్మ, సార్‌కు చాయ్ అందిస్తూ. "మీకెందుకు మండుతయ్? పూల్ అంచుకున్న ఆ కడ్డీ ఇడిసిపెట్టి ఒక్కనాడన్న నీళ్లల్ల తల ముంచితే గద!"