వెయిటింగులో పాట

తలకు షాంపూ పట్టించాక కుళాయి ఆగిపోయింది. అక్క నురగతోనే బయటికి వచ్చి నీళ్ళ ఆఫీసుకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. "దయచేసి వేచి ఉండండి" అంది ఫోను.

తమ్ముడు పాటలు రికార్డు చేసే మైకును అట్టపెట్టెలో సర్దుతున్నాడు. సాయంత్రం కొనేవాళ్ళు వస్తారు. బేరం కుదిర్చింది అక్కే.

"మొహం అలా పెట్టకు. పాటలన్నీ నెట్‌లో ఊరికే పెట్టేశావు. ఒక్కడైనా విన్నాడట్రా?"

"వినేవాళ్ళు వింటార్లే అక్కా."

ఫోన్లో పాట మొదలైంది. పల్లవి అయ్యేదాకా అక్క విసుక్కుంటూనే ఉంది. తర్వాత తమ్ముడి వంక చూసింది.

"ఒరేయ్, ఇది నీ గొంతు కదూ?"

"వాడుకుంటామని ఆ ఆఫీసువాళ్ళే అడిగారు. వాడుకోమన్నాను."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఒక్కటైనా వింటే కదా, చెప్పడానికి!"

అక్క నేలమీద కూర్చుంది. నురగ చెవుల మీదికి జారుతోంది.

చరణం సగంలో పాట ఆగింది. "నమస్తే, మీ ఫిర్యాదు చెప్పండి" అంది ఒక గొంతు.

"మధ్యలో ఎందుకు ఎత్తారండీ?" అంది అక్క. "మళ్ళీ వెయిటింగులో పెట్టండి, చరణం అయ్యాక చెప్తాను. ఒరేయ్, నువ్వు ఆ పెట్టె విప్పు."