ఆరబెట్టిన పుస్తకాలు

ఆసుపత్రి వార్డులో, ముసలి భర్త మంచం పక్కన, మామ్మ సంచి సర్దుతోంది.

దువ్వెన, గ్లాసు, ముసలాయన కళ్ళజోడు, రెండు తువ్వాళ్ళు. వాటి మీద పుస్తకాలు.

"ఇంటికి తీసుకెళ్ళండి. మా చేతుల్లో ఇంకేం లేదు," అని పొద్దున్నే చెప్పేశాడు డాక్టరు.

నెల రోజులుగా ముసలాయన కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు. మాట మాత్రం లేదు.

"చెవికి వినిపిస్తూ ఉండొచ్చు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి," అని మొదట్లో చెప్పిందీ ఆ డాక్టరే.

మామ్మ మాట్లాడింది. పెళ్ళినాటి సంగతులు, పోయినవాళ్ళ సంగతులు, ఇంటి ఓనరు సణుగుడు, అన్నీ చెప్పింది. రెండు రోజులకే మాటలు అడుగంటాయి. ఆ తర్వాత నోరు తెరిస్తే ఏడుపే వచ్చేది.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. నడివయసు. చంకలో పేపరు అట్ట వేసిన పుస్తకం.

"చదవడం వచ్చా అమ్మా?"

"కూడబలుక్కుని చదువుతాను నాయనా. ఈయనే నేర్పాడు."

"అయితే ఇది వినిపించండి. అయిపోతే ఇంకోటి తెస్తాను."

కాగితాలు పెళపెళలాడుతున్నాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"పుస్తకాన్ని ఇస్త్రీ చేశావా ఏంటి?"

"నా పనే అది కదమ్మా. చేతికేది దొరికినా చేసేస్తాను."

పక్క వార్డులో ఎవరి తాలూకో అనుకుంది మామ్మ. పేరు కూడా అడగలేదు.

ఆ నెలలో ఆమె చదివినవాటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఆఖరి పేజీలు లేని హత్య నవల. తేనెటీగల పెంపకం. రేడియో బాగుచేసుకునే విధానం. ఓడలో వంటవాడి జ్ఞాపకాలు. ఎవరో రాజుగారి చరిత్ర, అదీ రెండో భాగం.

"నిన్న హత్య, ఇవాళ తేనెటీగలు. ఆయన లేచి మిమ్మల్నే కుడతాడు చూడండి మామ్మా," అనేది నర్సు.

"కుట్టనీ తల్లీ. లేస్తే చాలు."

గొంతు బొంగురుపోయినా ఆపేది కాదు. తను ఆపితే ఆయన ఊపిరి కూడా ఆగిపోతుందేమోనని భయం.

ముసలాయన ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముకునేవాడు. నెల కిందట జోరువానలో ఆయన్ని ఏదో బండి గుద్దేసింది. పుస్తకాలన్నీ నీళ్ళపాలయ్యాయన్నారు. ఎవరో ఆయన్ని ఆసుపత్రి గేటు దగ్గర పడుకోబెట్టి, చెప్పాపెట్టకుండా పోయారట.

"గుద్దినవాడే అయ్యుంటాడు. లేకపోతే పారిపోవడమెందుకు?" అంది ఆయా.

ఆ మాట మామ్మ గుండెలో మేకులా దిగబడిపోయింది.

సంచిలో పెడుతుంటే ఒక పుస్తకానికి పేపరు అట్ట ఊడిపోయింది.

లోపల పుస్తకం వీపుకి అంటించిన గుడ్డ పట్టీ. పసుపు గళ్ళు.

మామ్మ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. అది తన వంటింటి పాత కర్టెన్. విడిపోయిన పుస్తకాలకి ఆ గుడ్డ పేలికలే అంటించేవాడు ముసలాయన. జిగురు గిన్నె పట్టుకుని కూర్చునేది తనే.

మిగతావాటి అట్టలు పీకింది. ఒకదానికి బురద మరక. ఇంకోదానికి మళ్ళీ ఆ పసుపు గళ్ళే.

"అమ్మా, ఇంటికటగా. దారికి ఇంకోటి తెచ్చాను," అంటూ వచ్చాడతను.

"ఇవి నీకెక్కడివి?"

అతను పట్టీ వంక చూశాడు. నవ్వు పోయింది.

"ఆ రోజు... నేను అక్కడే ఉన్నానమ్మా."

"గేటు దగ్గర పడేసి పోయింది నువ్వేనా?"

"నేనే. కానీ—"

"ఎందుకు పారిపోయావు?"

"భయమేసింది. తెచ్చినవాణ్ణే పట్టుకుంటారని..."

"తప్పు చేయనివాడికి భయమెందుకురా? మనిషిని జీవచ్ఛవాన్ని చేసి, నా చేతికి కాగితాలిచ్చి ఆడిస్తున్నావా?"

"గుద్దింది నేను కాదమ్మా."

"ఎవడొప్పుకుంటాడు? వాచ్‌మన్, పోలీసుల్ని పిలవండి!"

వార్డంతా ఇటు తిరిగింది. అతను మంచం మీది మనిషి వంక ఒక్కసారి చూశాడు. తెచ్చిన పుస్తకం ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు.

ఇంటికొచ్చాక మామ్మ ఆ పుస్తకాల్ని మూలకి విసిరేసింది. వాటిని చూస్తేనే కంపరం. కానీ గదిలో చప్పుడు లేకపోతే భయం. చివరికి తేనెటీగల పుస్తకమే మళ్ళీ తెరిచింది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, రాణీ ఈగ దగ్గరికొచ్చేసరికి, ముసలాయన పెదవులు కదిలాయి.

"పుస్తకాలాయన... ఏడీ?"

మామ్మ ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది. ఎంతసేపటికో తేరుకుంది.

"మొదటి మాట వాడి గురించా? మిమ్మల్ని గుద్దినవాడండీ వాడు."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"గుద్దిన బండి... ఆగలేదు. అందరూ... చూస్తూ పోయారు."

"మరి ఇతను?"

"వీపున వేసుకుని నడిచాడు. వానలో. దారంతా చెబుతూనే ఉన్నాడు... 'మీ పుస్తకాలెక్కడికీ పోవు, ఆరబెట్టి తెస్తాను, మీరు కళ్ళు మాత్రం మూయకండి' అని."

తెల్లారగానే మామ్మ ఆసుపత్రికి పరిగెత్తింది. చుట్టుపక్కల వీధుల్లో ఇస్త్రీ బల్ల కనిపించిన చోటల్లా ఆగింది.

"పేరేంటి?" అన్నారు అందరూ.

నర్సుని పట్టుకుంది. "ఒక్కసారైనా ఇటు వచ్చాడా తల్లీ?"

"పోలీసుల్ని పిలవమన్నారుగా మామ్మా. ఎలా వస్తాడు?"

అయినా మామ్మ రోజూ వెళ్ళి ఆ మెట్ల దగ్గర కూర్చునేది.

ఆమె భర్తని వానలో మోసుకొచ్చి బతికించిన ఆ మనిషి, ఇంటికి వెళ్ళడానికి ఆమె సంచి సర్దుకున్న ఆ బుధవారం పొద్దున వెళ్ళినవాడు, మళ్ళీ రాలేదు.