ఒక్కరోజు ఆగిన పేజీ

ప్రాక్సీ సర్వర్‌లో లోపం ఎక్కడుందో శ్యామ్‌సుందర్‌కి బాగా తెలుసు. ఉదయం తొమ్మిదీ పదికి దాన్ని పెట్టింది తనే.

ఆ రోజు జూలై 31. ఇర్వింగ్‌లోని ఆ కంపెనీలో ఉద్యోగాలు తీసేస్తున్నారని వారం నుంచీ గుసగుసలు. ఉత్తరాలు హెచ్ఆర్ నోటీసుల పేజీలో వస్తాయి. ఆఫీసులోంచి చూసినా, ఇంట్లోంచి చూసినా ఆ పేజీ శ్యామ్‌సుందర్ చూసుకునే ప్రాక్సీ గుండానే రావాలి. ఒకసారి వచ్చిన పేజీకి కాపీ దాచుకుని, మళ్ళీ అడిగినవాళ్ళకి ఆ కాపీయే ఇవ్వడం దాని పని. అసలు పేజీ మారితే కొత్తది తెచ్చుకోవాలి. ఇవాళ తెచ్చుకోవడం లేదు. ఎవరు తెరిచినా నిన్నటి పేజీయే వస్తోంది. 'కొత్త నోటీసులు లేవు.'

హెచ్ఆర్ వాళ్ళు ఎక్కించిన ముప్పై ఎనిమిది ఫైళ్ళ పేర్లు పొద్దున్నే ప్రాక్సీ రాసుకునే లాగ్‌లో అతని కంటపడ్డాయి. లోపల ఏముందో తెలియదు గానీ, ఫైళ్ళ పేర్లే మనుషుల పేర్లు. తన పేరు లేదు. హమ్మయ్య అనుకున్నందుకు ఆ వెంటనే సిగ్గుపడ్డాడు. పద్నాలుగో పేరు కౌస్తుభ్‌ది.

కౌస్తుభ్‌ది పక్క సీటే. భార్య అదితికి ఆగస్టు పన్నెండున కాన్పు. కడుపులో ఉండగానే బిడ్డ గుండెలో లోపం బయటపడింది, పుట్టిన మర్నాడే ఆపరేషన్. ఉద్యోగం పోతే వీసాకి అరవై రోజుల గడువుంటుంది, దాన్ని ఎలాగో నెట్టుకురావచ్చు. ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగం పోయిన నెల చివరిదాకానే. పోయినేడాది కొందర్ని తీసేసినప్పుడు, ఉత్తరం తెరిచి 'అందింది' అని నొక్కిన రోజునే ఆఖరి రోజుగా తీసుకున్నారు. అంటే ఇవాళ నొక్కితే ఈ పూటతో సరి. రేపు నొక్కితే ఆగస్టు అంతా ఉంటుంది.

అందుకే ఆ పేజీ ఇరవై నాలుగ్గంటలు మారకూడదని ప్రాక్సీ రూల్స్ ఫైల్‌లో ఒక్క లైను రాశాడు. లోపం వెతకడం ఎవరైనా చేస్తారు, దొరక్కుండా వెతకడమే కష్టం. రోజంతా ఆ పనిలోనే ఉన్నాడు.

పదకొండింటికి టీమ్‌లో పనిచేసే రేణు వచ్చింది.

"శ్యామ్ గారూ, రూల్స్ ఫైల్ ఒకసారి చెక్ చేద్దామా?"

"పొద్దున్నే చూశానమ్మా. నువ్వు నెట్‌వర్క్ సైడ్ చూడు."

చూసిన మాట అబద్ధం కాదు కాబట్టి గొంతు తడబడలేదు. పాపం రేణు లంచ్ మానేసి కేబుళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టింది. అతను సర్వర్‌ని రెండుసార్లు రీస్టార్ట్ చేశాడు. రాసిన లైను చెక్కుచెదరలేదు.

రెండింటికి హెచ్ఆర్ హెడ్ మార్సియా ఫోన్ చేసింది.

"శ్యామ్, వాళ్ళు ఆ పేజీ ఇవాళే చూడాలి. రేపు చూస్తే లాభం లేదు."

"ఈమెయిల్ చేయొచ్చు కదా?"

"లీగల్ వాళ్ళు ఒప్పుకోవడం లేదు. అందులో ఏముందో నేను నోరు విప్పి చెప్పడానికి కూడా లేదు. ప్లీజ్, శ్యామ్."

లాభం ఎవరికో శ్యామ్‌సుందర్‌కి తెలుసు. ముప్పై ఎనిమిది మందికి ఇంకో నెల ఇన్సూరెన్స్ కట్టకుండా తప్పించుకోవడానికి ఎంత ఆరాటం. ఒళ్ళు మండిపోయింది. ట్రై చేస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

కౌస్తుభ్ అప్పటికి నాలుగుసార్లు పక్క సీట్లోంచి లేచి వచ్చి అడిగాడు. మళ్ళీ వచ్చాడు.

"అన్నా, ఇంకెంతసేపు? జాబ్ ఉందో లేదో తెలిస్తే అయిపోతది. పొద్దుటిసంది అదితి ఫోన్ ఎత్తుతలేను. ఏం చెప్పాలె ఆమెకు?"

"ఏం చెప్పకు. ఇంటికెళ్ళిపో."

"ఎట్ల పోతనన్నా."

శ్యామ్‌సుందర్ అతని మొహంలోకి చూశాడు. నిజం నోటిదాకా వచ్చింది. బయటపడితే తన ఉద్యోగం, దానితోపాటు తన వీసా కూడా పోతాయి. మింగేసి, కాఫీ తాగుదాం పదమని భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగూ నలభైకి మార్సియా తనే పై అంతస్తు నుంచి దిగివచ్చింది. అతని కుర్చీ వెనక నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె చూస్తుండగానే అతను అక్కరలేని పరీక్షలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిపాడు.

"ఏ చిన్న ఆశైనా ఉందా?" అని అడిగింది.

"కనిపించడం లేదు."

ఐదు కాగానే ఆమె గోడ గడియారం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మొసలి కన్నీళ్ళు అనుకున్నాడు శ్యామ్‌సుందర్. ఇంటికెళ్ళి, వారం తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి ఆ లైను తీసేశాడు. అందరి స్క్రీన్ల మీదా పేజీ మారింది. పక్క సీట్లోంచి కౌస్తుభ్ పిలిచాడు.

"అన్నా, ఒకసారి ఇటు రా. నాకు చదువబుద్ధి అయితలేదు. నువ్వు చదువు."

ఉత్తరం మీద తేదీ జూలై 31. ఎవరు ఎప్పుడు తెరిచినా ఉద్యోగానికి ఆఖరి రోజు అదేనని మొదటి పేరాలోనే ఉంది. ఈసారి పద్ధతి మార్చేశారు. శ్యామ్‌సుందర్ ఆ వాక్యం ఇంకోసారి చదువుకున్నాడు. నిన్న తెరిచినా ఇదే కదా, తన వల్ల మేలు జరగలేదు గానీ కీడైతే జరగలేదు అని మనసుకి సర్దిచెప్పుకుని, రెండో పేరా పైకి చదివాడు.

"జూలై 31 సాయంత్రం ఐదు గంటల్లోపు ఈ పేజీలో సంతకం చేసినవారికి, వారి కుటుంబానికి ఆరు నెలలపాటు ఇన్సూరెన్స్ కొనసాగుతుంది, ఈ గడువు ఇన్సూరెన్స్ సంస్థ పెట్టినది కనుక, ఏ కారణంచేత దాటినా పొడిగించడం మా చేతుల్లో లేదు."